మెమో పక్కనా, బిడ్డ పక్కనా?

పరీక్ష తప్పిన రోజున పిల్లలు ముందుగా చదివేది అమ్మానాన్నల ముఖాలను. ఆ ముఖాల్లో కనిపించేదే వాళ్లకు అసలు ఫలితం.

తెలుగు నాట వేసవికి ఎండతోపాటు మరో సెగ కూడా ఉంది. ఏప్రిల్ సగానికొచ్చిందంటే ఇంటర్ ఫలితాలు, కాస్త అటూ ఇటుగా పదో తరగతి ఫలితాలు. ఒకప్పుడు పేపర్లో నెంబరు చూసుకోవడానికి పిల్లలు పొద్దున్నే బస్టాండుకు పరుగెత్తేవారు. తర్వాత ఇంటర్నెట్ సెంటర్ల ముందు బారులు తీరారు. ఇప్పుడు హాల్ టికెట్ నెంబరు కొడితే ఫోన్లోనే అంతా తేలిపోతోంది. తండ్రి ఆఫీసులో, తల్లి వంటింట్లో, కొడుకు తన గదిలో ఉండగానే ముగ్గురికీ ఇంచుమించు ఒకేసారి తెలిసిపోతుంది. ఇన్ని మారినా మారనిది ఒక్కటుంది. ఆ తర్వాత ఇంట్లో వినిపించే మొదటి మాట.

మార్కులు బాగా వచ్చిన ఇంట్లో ఏం మాట్లాడినా చెల్లుతుంది. తప్పిన ఇంట్లో అలా కుదరదు. అక్కడ పిల్లవాడు రెండు ఫలితాల కోసం ఎదురుచూస్తుంటాడు. ఒకటి బోర్డు చెప్పేది. రెండోది నాన్న చెప్పేది. బోర్డు మాట ఫోన్లో చూసేశాడు. ఈ ఇంట్లో ఇకముందు తన స్థానం ఏమిటన్నది మాత్రం నాన్న గుమ్మం దగ్గర చెప్పులు విడిచే తీరును బట్టి గ్రహిస్తాడు.

ఆ గుమ్మంలో వినిపించే మాటలు ఎవరికీ కొత్తవి కావు. "వాడూ నీతోపాటే చదివాడు కదరా, వాడికెలా వచ్చాయి?" అన్నది అన్నిటికన్నా పాతది. "నీ మీద పోసిన డబ్బుతో అరెకరం కొనేవాణ్ని" అన్నది ఫీజులు పెరిగాక వచ్చింది. కొందరు చెయ్యి చేసుకుంటారు. మరికొందరు పల్లెత్తు మాట అనరు, వారం పది రోజులు మాట్లాడటమే మానేస్తారు. దెబ్బ కన్నా ఆ మౌనమే ఎక్కువ గుచ్చుకుంటుందని అది అనుభవించిన వాళ్లెవరైనా చెబుతారు. తల్లుల ఇబ్బంది మరో రకం. కొడుకును వెనకేసుకొస్తే "నీ గారాబం వల్లే ఇలా తయారయ్యాడు" అన్న మాట పడాలి. చుట్టాల ఫోన్లకు "సైట్ ఓపెన్ కావడం లేదు వదినా, ఇంకా చూడలేదు" అని బొంకాల్సింది కూడా ఆమే. పక్క గదిలోంచి ఆ అబద్ధం విన్న పిల్లవాడికి ఒక్కటే అర్థమవుతుంది. తాను ఇప్పుడు దాచిపెట్టాల్సిన విషయం.

ఇక అన్ని ఇళ్లలోనూ తప్పకుండా వచ్చే తిట్టు ఒకటుంది. "గేదెలు కాసుకో." తెలంగాణలో అయితే "బర్రెలు కాసుకో." ఈ మాట అంటున్న తండ్రి చదువుకున్న రోజుల్లో ఆయన ఫీజు ఆ పాలు అమ్మిన డబ్బుతోనే కట్టి ఉండొచ్చు. తాత గౌరవంగా చేసిన పని మనవడికి శిక్షగా మారడానికి ఒక్క తరం సరిపోయింది. చదువు మీద తెలుగు సమాజం పెట్టుకున్న ఆశ, దాంతోపాటే పెంచుకున్న భయం రెండూ ఆ ఒక్క తిట్టులోనే ఉన్నాయి.

అందుకే తల్లిదండ్రుల కోపాన్ని ఉత్త కాఠిన్యమని కొట్టిపారేయడం సరికాదు. ఉన్న రెండెకరాలు అన్నదమ్ములు పంచుకుంటే మిగిలే చెక్కతో బతకలేమని తెలిసిన రైతు, కిస్తీలు కడుతూ ఆటో నడిపే డ్రైవరు, ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పే టీచరు... వీళ్లెవరి దగ్గరా పిల్లలకు ఇవ్వడానికి చదువు తప్ప మరో ఆస్తి లేదు. 1990ల తర్వాత వాళ్ల కళ్లెదుటే ఇంటర్ ఎంపీసీ, ఎంసెట్, ఇంజినీరింగ్ అనే మూడు మెట్లెక్కి కొందరు హైదరాబాద్‌లో ఫ్లాట్లు కొన్నారు, కొందరు అమెరికా వెళ్లారు. ఊళ్లో ఒక్క ఇల్లు అలా పైకొస్తే మిగతా ఇళ్లన్నీ ఆ మెట్లకేసే చూశాయి. కెమిస్ట్రీలో తప్పిన కొడుకును చూసినప్పుడు ఆ తండ్రికి కెమిస్ట్రీ కనిపించదు. ఇరవై ఏళ్ల తర్వాత వాడు ఏం తిని బతుకుతాడన్న బెంగ కనిపిస్తుంది. అది కోపంగా బయటికొస్తుంది.

ఈ బెంగను పెట్టుబడిగా మార్చుకున్న వ్యాపారమూ ఉంది. ఫలితాలు వచ్చిన సాయంత్రమే టీవీల్లో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు..." అంటూ ఊపిరాడకుండా ర్యాంకులు చదివే ప్రకటన తెలుగువాళ్లకు జోకుగా కూడా మారిపోయింది. పదో తరగతి ఫలితాల్లో ర్యాంకులంటూ బడులు ప్రచారం చేసుకోకూడదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. టీవీలో ఆ ప్రకటన వస్తున్నప్పుడు మూడు వందల మార్కులతో బయటపడ్డ పిల్లవాడు కూడా ఆ సోఫాలోనే కూర్చుని ఉంటాడన్నది చాలా ఇళ్లలో ఎవరికీ గుర్తుండదు.

ఇంత భయంలోనూ తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుందని 2019 ఏప్రిల్ చూపించింది. ఆ నెల 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. రెండు సంవత్సరాల విద్యార్థులూ కలిపి తొమ్మిది లక్షల మందికి పైగా పరీక్ష రాస్తే, మూడు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఒక ప్రాణం పోవడానికి ఒకే కారణం ఉండదు. ఆ ఇళ్లలో ఆ పూట ఏం జరిగిందో బయటివాళ్లు తీర్పు చెప్పడమూ తగదు. అయితే అదే రోజుల్లో హైదరాబాద్ నాంపల్లిలోని ఇంటర్ బోర్డు ఆఫీసు ముందు కనిపించిన దృశ్యం మాత్రం గుర్తుపెట్టుకోదగింది. రకరకాల జిల్లాల నుంచి అమ్మానాన్నలు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. మొదటి సంవత్సరంలో బ్రహ్మాండంగా మార్కులు తెచ్చుకున్న పిల్లలు రెండో సంవత్సరంలో ఎలా తప్పుతారని గేటు దగ్గర నిలదీశారు.

బోర్డు మొదట ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. గొడవ పెరిగాక ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. మామూలుగా ఫీజు కట్టి చేయించుకోవాల్సిన పునఃపరిశీలనను ఫెయిలైన వారందరికీ ఉచితంగా చేయమని ఆదేశించింది. తెలుగు పేపర్లో సున్నా వచ్చిందన్న ఒక విద్యార్థినికి తిరిగి చూస్తే 99 ఉన్నాయి. తప్పు పేపరు దిద్దిన చోట జరిగింది. పునఃపరిశీలన పూర్తయ్యేసరికి ఫెయిలన్న వాళ్లలో వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

ఆ సున్నా వచ్చిన సాయంత్రం ఇంట్లో రెండు రకాల సంభాషణలకు అవకాశం ఉంది. "మాతృభాషలో సున్నా తెచ్చుకున్నావా, సిగ్గులేదా?" అన్నది ఒకటి. "నువ్వు పేపరు ఎలా రాశావమ్మా? నీకేమనిపిస్తోంది?" అన్నది మరొకటి. మొదటి మాటలో తల్లిదండ్రులు మెమో పక్కన నిలబడి బిడ్డను ప్రశ్నిస్తున్నారు. రెండో మాటలో బిడ్డ పక్కన నిలబడి మెమోను చూస్తున్నారు. కాగితం మీద అచ్చయిన అంకెను అంతగా నమ్మే మనం, పదహారేళ్లుగా కళ్లెదుట పెరిగిన మనిషి మాటను ఒక్క పూటైనా నమ్మమా?

పిల్లల తరఫున వెళ్లి అడిగే తల్లులు కొత్తేమీ కాదు. సుమారు నూట ఇరవై ఏళ్ల కిందట కుంభకోణంలో ఒక అమ్మ అదే పని చేసింది. ఆమె పేరు కోమలతమ్మాళ్. కొడుకు శ్రీనివాస రామానుజన్. 1904లో అక్కడి ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో చేరిన కుర్రాడు లెక్కల్లో మునిగి ఇంగ్లీషును వదిలేశాడు. స్కాలర్‌షిప్ పోయింది. బట్టల కొట్లో గుమాస్తాగా తండ్రికి వచ్చేది నెలకు ఇరవై రూపాయలు. ఫీజు టర్మ్‌కు 32. తల్లి నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, లెక్కల్లో తన కొడుకంతటి వాడు మరొకడు లేనప్పుడు స్కాలర్‌షిప్ ఎలా తీసేస్తారని అడిగింది. ప్రిన్సిపాల్ మర్యాదగానే విన్నారు కానీ నిబంధన నిబంధనే అన్నారు.

తెలుగువాళ్లకు పెద్దగా గుర్తులేని సంగతి ఆ తర్వాతది. 1905 ఆగస్టులో ఆ పదిహేడేళ్ల కుర్రాడు ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి విశాఖపట్నం వైపు రైలెక్కేశాడు. తల్లి తన వెనకే ఉన్నా సిగ్గు అతణ్ని వదల్లేదు. కుటుంబం వెతుక్కుంది. తప్పిపోయిన కుర్రాడి గురించి పత్రికలోనూ వచ్చింది. చివరికి ఇంటికి చేరాడు. తర్వాత మద్రాసులోని పచ్చయప్ప కాలేజీలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పాడు. అయినా అతనికి ఇంటి తలుపు మూసుకుపోలేదు.

ఈ కథను ఫెయిలైన పిల్లలకు ఓదార్పుగా చెప్పడం మనకు బాగా అలవాటు. "రామానుజన్ కూడా ఫెయిలయ్యాడు, ఏమీ కాదు" అంటాం. అందులో ఒక చిక్కుంది. రామానుజన్ కాబోయే పిల్లవాడికే ఫెయిలయ్యే హక్కుంటుందని ఆ మాటకు అర్థం. మిగతా పిల్లలు రామానుజన్‌లు కారు. కావాల్సిన అవసరమూ లేదు. ఎలక్ట్రీషియనో, నర్సో, కిరాణా కొట్టు యజమానో కాబోయే పిల్లవాడికి కూడా పరీక్ష తప్పిన రాత్రి అన్నం పెట్టి పక్కన కూర్చునే మనిషి కావాలి. మహానుభావుల వైఫల్యాలు చెప్పి ఓదార్చడమంటే ర్యాంకుల జాబితానే తిరగేసి చదవడం. కోమలతమ్మాళ్ నుంచి నేర్చుకోవలసింది కొడుకు గొప్పతనం తెలియకముందు ఆమె చేసిన పనిని.

బిడ్డ పక్కన నిలబడటమంటే మార్కులు అబద్ధమని వాదించడం అనుకుంటే అది మరో పొరపాటు. 2019లో పునఃపరిశీలనతో వెయ్యి మందికి పైగా పాసైతే, మిగతా లక్షల మంది విషయంలో మెమో మారలేదు. వాళ్లు తప్పిన మాట నిజం. అలాంటి పిల్లవాడితో "పోనీలే, మార్కులదేముంది" అని చేతులు దులుపుకోవడం ప్రేమలా కనిపిస్తుంది గానీ అదీ ఒకరకంగా వదిలేయడమే. వాడికి అర్థంకానిది అర్థంకాకుండానే ఉండిపోతుంది. అసలు ప్రశ్న ఎందుకు తప్పాడన్నది. మెమో ఆ ఒక్కటి మాత్రం చెప్పదు.

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది ఉత్తీర్ణత 67.26 శాతం. రెండు లక్షల మందికి పైగా తప్పారు. 71 బడుల్లో ఒక్కరూ పాసవలేదు. బడి బడంతా తప్పితే దాన్ని పిల్లల బద్ధకం అనగలమా? ఆ పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉన్నప్పుడు కరోనాతో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇంట్లో పాఠాలు విన్నారు, లేని ఇంట్లో కూలికి వెళ్లారు. పరీక్షలు లేకుండానే పై తరగతికి వచ్చారు. ఆ రెండేళ్లు మెమోలో ఎక్కడా కనిపించవు. ఆ నేపథ్యంలో, ఆ ఏడాది సప్లిమెంటరీలో పాసైన వారిని రెగ్యులర్‌గా పాసైనట్లే పరిగణిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. సర్కారు చూపగలిగిన ఆ పాటి పట్టువిడుపు ఇల్లు చూపలేదా?

చదువు మూలాల్లోనే ఉన్న లోటు మరోటి. పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని అసర్ సర్వేలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. ఆ పిల్లలే పెరిగి పదో తరగతికి వస్తారు. తొమ్మిదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి హఠాత్తుగా ఇంగ్లీషు మీడియం ఇంటర్‌లో పడ్డవాడికి ఫిజిక్స్ కష్టమా, ఫిజిక్స్ రాసి ఉన్న భాష కష్టమా? వెనక బెంచీలో కూర్చుని బోర్డు కనిపించక, ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడే పిల్లలున్నారు. చదవడం కష్టమయ్యే డిస్‌లెక్సియా ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి మొద్దులన్న పేరు మోస్తున్నారు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్న తల్లిదండ్రుల్లో ఎంతమంది ఇంటికొచ్చి తమ పిల్లల నోటు పుస్తకం తెరిచి చూశారో! ఇలాంటి అభ్యసన లోపాలను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి వెసులుబాట్లున్నాయి. కానీ అవి కావాలని అడగాలంటే ముందు ఇంట్లో ఎవరో ఒకరు "వీడు చదవడం లేదు" అన్న మాట దగ్గర ఆగిపోకుండా "వీడు చదవలేకపోతున్నాడేమో" అని అనుమానించాలి.

పిల్లలు మోసే పుస్తకాల బరువు గురించి 1989లో రాజ్యసభలో ఆర్.కె. నారాయణ్ మాట్లాడారు. ఆ చర్చ నుంచి వచ్చిన యశ్‌పాల్ కమిటీ 1993లో ఇచ్చిన నివేదిక, సంచీ బరువు కన్నా అర్థంకానితనం బరువు ఎక్కువని తేల్చింది. మూడు దశాబ్దాలు దాటినా ఆ బరువు దిగలేదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ దేశవ్యాప్తంగా 3.79 లక్షల మంది విద్యార్థులను అడిగితే, చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమని 81 శాతం మంది చెప్పారు. అదే ఏడాది దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్లు జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క తేల్చింది. 2016లో రాజస్థాన్‌లోని కోట జిల్లా కలెక్టర్ అక్కడ కోచింగ్ తీసుకుంటున్న పిల్లల తల్లిదండ్రులకు ఐదు పేజీల లేఖ రాశారు. మీ కలలను పిల్లల మీద రుద్దకండన్నది దాని సారాంశం. ఒక జిల్లా అధికారి ఇంటింటికీ ఉత్తరం రాయాల్సి వచ్చిందంటే సమస్య ఎక్కడుందో తెలుస్తూనే ఉంది.

పాస్, ఫెయిల్ గురించి చట్టం కూడా ఊగిసలాడుతూనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపకూడదంది. 2019లో సవరణ వచ్చింది. 2024 డిసెంబరులో కేంద్రం మార్చిన నిబంధనల ప్రకారం ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పిన వారికి రెండు నెలల్లో మరో అవకాశం ఇవ్వాలి. అప్పుడూ తప్పితే అదే తరగతిలో ఉంచవచ్చు. పిల్లలను ఆపాలా వద్దా అన్న దానిపై వాదనలు ఎలా ఉన్నా, ఆ నిబంధనల్లో చాలామంది గమనించని ఒక వాక్యం ఉంది. అలా ఆగిపోయిన పిల్లవాడికే కాదు, అవసరమైతే తల్లిదండ్రులకు కూడా క్లాస్ టీచర్ మార్గం చూపాలట. ఫెయిలైనప్పుడు సాయం కావాల్సింది పిల్లవాడొక్కడికే కాదని చివరికి చట్టానికీ తట్టింది.

ఆ సాయం అందేదాకా ఇల్లే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటి రోజున సలహాలొద్దు, లెక్కలొద్దు. "అన్నం తిను, రేపు చూద్దాం" అన్న మాట చాలు. చుట్టాలకు అబద్ధం చెప్పనక్కర్లేదు, "ఈసారి తప్పింది, మళ్లీ రాస్తాడు" అంటే సరిపోతుంది. అదే మాట పిల్లవాడికీ వినబడుతుంది. మర్నాడో మూడోనాడో పక్కపక్కన కూర్చుని ఏ సబ్జెక్టు, ఏ పాఠం, ఎప్పటి నుంచి అర్థం కావడం లేదని అడగాలి. అనుమానం ఉంటే రీకౌంటింగ్‌కు, జవాబు పత్రం నకలుకు దరఖాస్తు చేయాలి. ఏడాది పోయినట్లేనన్న భయం అక్కర్లేదు. ఇంటర్, పదో తరగతి సప్లిమెంటరీ పరీక్షలు ఆ వేసవి అయ్యీ కాకముందే వస్తాయి. పిల్లవాడు తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, బతుకు మీద విరక్తితో మాట్లాడినా ఒంటరిగా వదలకూడదు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ కేంద్రంలో తెలుగులోనే మాట్లాడేవాళ్లు ఉంటారు. తల్లిదండ్రులు తమ బెంగ చెప్పుకోవడానికీ ఆ నెంబరు పనికొస్తుంది.

ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. లక్షల ఫీజు కట్టే తండ్రికీ, స్కాలర్‌షిప్ మీద పిల్లను చదివించే తల్లికీ సమానంగా అందుబాటులో ఉన్నవే. అయినా కష్టమే. ఎందుకంటే ఆ క్షణంలో పెద్దవాళ్లు ముందు తమ భయాన్ని మింగుకోవాలి. పదిమందిలో తల దించుకోవాల్సి వస్తుందన్న బాధను కాసేపు పక్కన పెట్టాలి.

పదేళ్ల తర్వాత ఆ మార్కులు ఎవరికీ గుర్తుండవు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు కూడా ఇంటర్ ఫిజిక్స్‌లో ఎన్ని వచ్చాయని అడగరు. ఆ సాయంత్రం నాన్న ఏమన్నాడు, అమ్మ అన్నం పెట్టి పక్కన కూర్చుందా లేదా అన్నది మాత్రం ఆ పిల్లలు తమ పిల్లల ఫలితాలు వచ్చేదాకా మర్చిపోరు.